కిన్నెర తాత తప్పిన పరీక్ష

ఒక్క కిన్నెర కూడా చెయ్యకముందే నేను కిన్నెరల తయారీలో మాస్టర్ ట్రైనర్‌నయ్యాను. ఇందులో నా తెలివేమీ లేదు. విజయనగరంలో వీణ డిప్లొమా చేసి, చాలా ఏళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి అరకులోయలో ఒక ఆశ్రమ పాఠశాలలో సంగీతం మాస్టారుగా కుదురుకున్నాను. పొద్దున్నే ప్రార్థన పాడించడం, పెద్దవాళ్ళెవరైనా వస్తే స్వాగతగీతం పాడించడం, లెక్కల మాస్టారు సెలవు పెట్టినప్పుడు ఆయన క్లాసులో పిల్లలు బల్లలు విరక్కొట్టకుండా కాపలా కాయడం నా విధులు. మూడోదే ఎక్కువ.

ఒకరోజు పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. గిరిజన వాద్యాలు అంతరించిపోతున్నాయి కాబట్టి వాటి తయారీలో రెండు నెలల శిక్షణ పెట్టారు. నేర్పేవాడికి సంగీతంలో డిప్లొమా ఉండాలని నిబంధన. మండలమంతా వెతికితే ఆ కాగితం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే దొరికాను.

"నాకు వాయించడం వచ్చండీ, చెయ్యడం రాదు. ఆ వాయించడం కూడా వీణ," అన్నాను ఆఫీసరుగారితో.

ఆయన మంచివాడు. ఓపిగ్గా విన్నాడు. "వీణకి తీగలుంటాయా?" అన్నాడు.

"ఉంటాయండి."

"కిన్నెరకి?"

"ఉంటాయండి."

"మరింకేంటండీ ఇబ్బంది?" అని ఆర్డరు నా చేతిలో పెట్టాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, "పైన ఊళ్ళో ఎవరో ముసలాయన ఈ కిన్నెరలు చేస్తాడట. ఆయన్ని కూడా కలుపుకోండి. సామాన్లు అందించడానికైనా ఉపయోగపడతాడు," అన్నాడు.

ఆ ఊరు బొర్రా వెళ్ళే రోడ్డు మీంచి విడిపోయిన మట్టిదారిలో, కాఫీ తోటలు దాటాక ఉంది. పాతిక ఇళ్ళుంటాయి. తాత ఇల్లు వెతకక్కర్లేకపోయింది. ఇంటికప్పు మీద ఆనప తీగ పరుచుకుని, ఒక్కో కాయ కింద ఒక్కో పలక రాయి పెట్టి ఉంది. అరుగు మీద తాత కూర్చుని వెదురు గోకుతున్నాడు. పక్కన ఆయన భార్య రాజ్మా కాయలు ఒలుస్తోంది. వాళ్ళిద్దరూ తమలో తాము మాట్లాడుకునేది కొండ ఒడియా. నాతో తెలుగే.

"ఏటి పని మీద వచ్చినావు?" అన్నాడు తాత. ఆ కొండ మీద ఎంత పెద్దవాణ్ణయినా నువ్వు అనే అంటారు. నాకు అలవాటై చాలా కాలమైంది.

"కిన్నెర చెయ్యడం నేర్పమని నన్ను వేశారు తాతా."

"మంచిదే. ఎవులికి నేర్పుతావు?"

"మీ ఊరి వాళ్ళకి."

"నీకు వచ్చేటి?"

"రాదు."

తాత భార్యవైపు తిరిగి తమ భాషలో ఏదో అన్నాడు. మామ్మ చేట కింద పెట్టి మరీ నవ్వింది. ఆ మాటకి అర్థం నాకు నెల తర్వాత తెలిసింది. 'ఈతరాని మనిసి మనకి గెడ్డ దాటడం నేర్పడానికి వచ్చినాడు' అన్నాట్ట.

అయినా తాత ఒప్పుకున్నాడు. ఊళ్ళో నేర్చుకునేవాళ్ళు లేరన్న బెంగ ఆయనకి ముందునుంచీ ఉంది. పేర్లు ఎక్కించడానికి ఆఫీసుకి తీసుకెళ్ళాను. నేర్పేవాళ్ళ జాబితాలో తాత పేరు ఎక్కించబోతే కంప్యూటరు డిప్లొమా కంటే ముందే పదో తరగతి సర్టిఫికెట్ అడిగింది. తాత బడి గడప తొక్కలేదు. కంప్యూటరు ముందున్న అమ్మాయి జాలిపడింది.

"ట్రైనీ కింద పెట్టేద్దాం సార్. ట్రైనీలకి చదువక్కర్లేదు."

"ట్రైనీలకి వయసు నలభై దాటకూడదు కదమ్మా!"

ఆ అమ్మాయి తాత ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరు ఎప్పుడు ఎలా రాసుకున్నారో గానీ, అందులో తాత తన పెద్దకొడుకు కంటే ఏడాది చిన్నవాడు. "సరిపోతుంది సార్," అంది. అలా ఏభై ఏళ్ళుగా కిన్నెరలు చేస్తున్న మనిషి నా దగ్గర శిక్షణార్థిగా చేరాడు. నాకు ఎర్ర రిబ్బను కార్డు, ఆయనకి నీలం రిబ్బను కార్డు ఇచ్చారు. తాత దాన్ని మెళ్ళో వేసుకుని, బస్సులో అందరికీ చూపిస్తూ ఇంటికొచ్చాడు. నేను ఎర్ర రిబ్బనుని చొక్కా లోపలికి దోపుకున్నాను. సిగ్గుపడ్డానని చెప్పుకోవాలనే ఉంది గానీ, బస్సు దిగి ఊళ్ళోకి రాగానే మళ్ళీ బయటికి తీశాను.

శిక్షణకి తాతతో కలిపి పదిమంది. పొద్దున్నే ఫోనుకి మొహం చూపిస్తే తప్ప హాజరు పడదు. ఊళ్ళో సిగ్నల్ లేదు. పైన ఒక బండరాయి ఉంది, దాని మీద ఉత్తరం వైపు నిలబడితే రెండు గీతలు కనపడతాయి. రోజూ మేమందరం ముప్పావుగంట ఎక్కి, మొహాలు చూపించి, ముప్పావుగంట దిగేవాళ్ళం. తాత మొహం మాత్రం ఫోనుకి నచ్చేది కాదు. కళ్ళార్పమనేది. ఆయన కనురెప్పలు ముడతలు పడి ఎప్పుడూ సగం మూసే ఉంటాయి. 'ముఖం కనబడలేదు' అని ఎర్ర అక్షరాలు వచ్చేవి.

ఈ సంగతి మామ్మకి చెబితే, "నిజమే సెప్పింది. పెళ్ళయిన కాడ్నుంచి సూత్తన్నాను, ఆ మొకంలో నాకూ ఏటీ కనపడ్లేదు," అంది.

శిక్షణకి కావలసిన సామాన్ల పట్టీ నేనే రాశాను. ఎండిన ఆనప బుర్రలు, ముదురు వెదురు, తేనెమైనం, తీగలు. పట్టీ మూడు బల్లలు దాటి వెళ్ళేసరికి 'ఎండిన' అన్న మాట ఏ బల్ల దగ్గరో రాలిపోయింది. బుర్రలు కాయలయ్యాయి. వారం తర్వాత మైదానం నుంచి ఒక ఆటో మట్టిదారిలో ఎగురుకుంటూ వచ్చింది. దాని నిండా లేత ఆనపకాయలు! పొద్దున్నే కోసినట్టున్నాయి, తొడిమల దగ్గర ఇంకా నూగు ఉంది. సరుకు మంచి స్థితిలో అందిందని సంతకం పెట్టమన్నాడు డ్రైవరు. నిజం చెప్పాలంటే చాలా మంచి స్థితిలోనే అందింది. సంతకం పెట్టాను. మా బడి హాస్టల్లో పిల్లలకి నాలుగు రోజులపాటు ఆనపకాయ కూర, ఆనపకాయ పులుసు, ఆనపకాయ పప్పు వడ్డించారు. అయిదో రోజు సాయంత్రం స్వాగతగీతం సాధన చేయిస్తుంటే పిల్లలు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

శిక్షణ అక్కడితో ఆగిపోవలసిందే. ఆపకుండా కాపాడింది మామ్మ. పొయ్యి మీది అటక నుంచి ఒక్కొక్కటే బుర్రలు దించింది. పొగకి నల్లబడి, ఇనప గుండ్లలా ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే గుప్పెడు దూదంత బరువు.

"కూరకాయ వేరు, కిన్నెర కాయ వేరు. పిందెలోనే తెలుత్తాది," అని చెప్పింది. తీగ మీదున్నప్పుడే కాయ కింద రాయి పెట్టి అడుగు చదును అయ్యేలా చూస్తుందట. ఆకులన్నీ ఎండిపోయి, గోటితో గీస్తే గీత పడనంతగా ముదిరాక కోస్తుంది. ఒక వానాకాలమంతా పొగలో ఉంచుతుంది. దించాక వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మంచివి కుడివైపు, పనికిరానివి ఎడమవైపు పెట్టింది. నేనూ తట్టి చూశాను. నాకు అన్నీ ఒకలాగే వినిపించాయి. అప్పటికి పదిహేనేళ్ళుగా నేను సంగీతం మాస్టారిని.

సగం కిన్నెర ఆవిడే చేస్తోంది కదా అని మామ్మ పేరు కూడా రాయిద్దామని చూశాను. ఒక ఇంటికి ఒక్కరే అన్నారు. దాంతో ఆ శిక్షణ కాగితాల్లో మామ్మ ఎక్కడా లేదు. బుర్రలు మాత్రం 'స్థానికంగా లభించినవి' అని ఉన్నాయి.

తర్వాతి రోజులు నా జీవితంలో మంచి రోజులు. తాత వెదురు కర్రని మంట మీద తిప్పుతూ తిన్నగా చేసేవాడు. శీతాకాలంలో నరికిన వెదురే వాడాలని, వానల్లో నరికితే పురుగు తినేస్తుందని చెప్పేవాడు. తీగకి బైకు క్లచ్ వైరు విప్పి ఒక్కో పోగూ వేరు చేసేవాడు. ఇదివరకు పట్టుదారం ఉండేదట, ఇప్పుడు బైకులున్నాయి. బుర్రలని కర్రకి బిగించాక, మైనంలో గుగ్గిలం పొడి కలిపి కరిగించి, దాంతో మెట్లు అతికించేవాడు. మెట్టంటే వేలి గోరంత వెదురు ముక్క. తీగని మెట్టు మీద నొక్కితే స్వరం పలకాలి. ఆ మెట్టు ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని.

ఇక్కడే నా డిప్లొమా నిద్ర లేచింది. ఫోన్లో శ్రుతి చూసే యాప్ తెరిచి తాత కిన్నెర పక్కన పెట్టాను.

"తాతా, ఈ గాంధారం తగ్గింది. మెట్టు కాస్త కిందికి జరపాలి."

"ఎవులు సెప్పినారు?"

"ఫోను."

"ఫోను పాడతాదేటి?"

"పాడదు గానీ, కొలుస్తుంది."

తాత నాతో వాదించలేదు. ఆ కిన్నెర అడిగిన మనిషి పక్కూరివాడట, వాడి గొంతు అక్కడికే దిగుతుందట, వాడు పాడుకోవడానికి చేస్తున్నది వాడి గొంతుతోనే కలవాలట. ఇంతా చెప్పి, మెట్టుని మెత్తటి మైనంలో గోటితో మరో వెంట్రుకవాసి పైకి నెట్టాడు. అంటే నా లెక్క ప్రకారం ఇంకా తప్పు చేశాడు. నేను నా కిన్నెరకి మాత్రం యాప్ ఆకుపచ్చ రంగు చూపించిన చోటే మెట్లు పెట్టాను. పైన రెండు పూతలు వార్నిష్ కూడా వేశాను. చూడటానికి పెళ్ళికొడుకులా ఉంది. మీటితే తలుపు మీద తట్టినట్టు పలికింది.

చివరి రోజు పరీక్ష. నగరం నుంచి పరీక్షించే అతను వచ్చాడు. ఇరవై అయిదేళ్ళుంటాయి, ఘాట్ రోడ్డులో రెండుసార్లు వాంతి చేసుకుని నీరసంగా ఉన్నాడు. మామ్మ అల్లం కాఫీ ఇస్తే తాగి కోలుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు. అతని చేతిలో ట్యాబ్లెట్ ఉంది, అందులో ప్రశ్నలున్నాయి, ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులున్నాయి. అవి వడ్రంగం పని కోసం తయారైన ప్రశ్నలు. కిన్నెరకి విడిగా రాయించే వ్యవధి లేకపోయింది.

"పెద్దాయనా, రెండు భాగాలను అతకడానికి ఏం వాడాలి? ఒకటి, ఇనుప మేకులు. రెండు, స్క్రూలు. మూడు, చెక్క జిగురు. నాలుగు, పైవన్నీ," అని చదివాడు.

"తేనెమైనం," అన్నాడు తాత.

"నాలుగింట్లో ఒకటి చెప్పాలి."

"నాలుగూ పనికిరావు బాబూ. మేకు దిగితే బుర్ర పగులుద్ది."

అతను నావైపు దీనంగా చూశాడు. నేను తాతవైపు చూశాను. ఏదో ఒకటి చెప్పెయ్యమని సైగ చేశాను. తాత సైగ చూసి కూడా, "మైనమే," అన్నాడు. తర్వాతి ప్రశ్న: పనిచేసే చోట ఏ రకం బూట్లు వేసుకోవాలి? తాత కాళ్ళకి చెప్పుల్లేవు. ఆయన తన కాళ్ళవైపు చూసుకుని నవ్వాడు. దానికీ మార్కు పడలేదు.

చేతిపనికి ముప్పై మార్కులు. అందులో నున్నదనానికి పది, కొలతల సమానత్వానికి పది, రంగుకి పది. మోతకి లేవు. తాత కిన్నెర నల్లగా, మెట్లు ఎగుడుదిగుడుగా ఉంది. వారం తర్వాత ఫలితాలొచ్చాయి. పదిమందిలో తొమ్మిదిమంది పాసయ్యారు. వాళ్ళందరికీ నేర్పింది తాతే. తాత పేరు ఎదురుగా 'ఇంకా నైపుణ్యం సాధించలేదు' అని ఉంది. నాకు ఉత్తమ శిక్షకుడిగా ప్రశంసాపత్రం వచ్చింది.

తాత నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు.

"ఏటని రాసినారు?" అని అడిగాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. "అయితే నాకు రాదన్నమాట," అన్నాడు నెమ్మదిగా.

"అది ఉత్తి కాగితం తాతా."

"నువ్వు ఆ కాగితం తోటే కదా మాకు నేర్పడానికి వచ్చినావు," అన్నాడు.

నేను నా ప్రశంసాపత్రాన్ని మడిచి సంచి అడుక్కి తోశాను.

ఆ వేళ నుంచి తాత మైనం మూకుడు చూరులో పెట్టేసి కాఫీ పనికి పోవడం మొదలుపెట్టాడు. ఊళ్ళో కుర్రాళ్ళు వేళాకోళం చేశారు. కిన్నెర అడిగిన పక్కూరి మనిషి వచ్చి, "పరీక్ష పాసయ్యాక సేద్దువులే," అని సరదాకి అన్నాడు. సరదాగా అన్న మాటే తాతకి ఎక్కువ గుచ్చుకుంది. నేను ఆఫీసుకి వెళ్ళి తప్పు దిద్దమన్నాను. దిద్దడానికి వీల్లేదు గానీ, మళ్ళీ పరీక్షకి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. దరఖాస్తు మీద శిక్షకుడి సిఫార్సు ఉండాలట. అంటే, తాతకి కాస్తో కూస్తో పని వచ్చని నేను రాసివ్వాలి. అది రాయడానికి నాకు మొహం చెల్లలేదు.

ఈలోగా అరకులో పర్యాటకుల పండగ వచ్చింది. వేదిక మీద కిన్నెర కచేరీ పెట్టారు. శిక్షకుడు వాయించాలి, శిక్షణార్థులు కింద వరసలో కూర్చోవాలి. నా కిన్నెర మోగదని ముందే చెప్పాను. "మీరు వేళ్ళు కదపండి చాలు, పాట పెట్టెలో వస్తుంది," అన్నాడు ఏర్పాట్లు చూసేవాడు. వేదికెక్కి వేళ్ళు కదిపాను. స్పీకర్లలోంచి ఏదో సితార్ ఉధృతంగా మోగింది. జనం చప్పట్లు కొట్టారు. నాకూ కాస్త ఊపొచ్చి తల కూడా ఆడించాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

వేదిక మీద నేను, నా చేతిలో తలుపు తట్టినట్టు పలికే కిన్నెర, ఎదురుగా నాలుగైదు వందలమంది. టక్, టక్, టక్. ఆపితే మోసం బయటపడుతుంది, ఆపకపోతే అది ఇంకా ఘోరం. ముందు వరసలో ఒక పిల్ల గట్టిగా నవ్వింది. అప్పుడు తాత లేచాడు. ఆయన నన్ను కాపాడటానికి లేచాడని నేను చెప్పలేను. చేతకాని పని కళ్ళముందు జరుగుతుంటే కూర్చోలేక లేచాడంతే. వేదికెక్కి నా చేతిలోది లాక్కుని, మీటి, తిప్పి చూసి, అందరికీ వినపడేలా అన్నాడు:

"ఇది పలకదు. రంగేసి దీని నోరు మూసేసినావు."

అని ఒక మెట్టు పీకేసి, నోట్లో పెట్టుకుని మైనం మెత్తబరచి, వేరే చోట అతికించాడు. ఇంకోటి పీకాడు. కరెంటు వచ్చేదాకా అలా సరిచేస్తూనే ఉన్నాడు. చివరికి అది ముక్కుతో మూలిగినట్టు ఏదో పలికింది. జనం దీన్ని కూడా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. మర్నాడు ఒక పత్రికలో ఫోటో పడింది. దాని కింద 'శిక్షకుడి పర్యవేక్షణలో కిన్నెర సరిచేస్తున్న శిక్షణార్థి' అని రాశారు. అందులో నేను నోరు తెరుచుకుని ఉన్నాను.

ఆ ఫోటో చూశాక మాస్టర్ ట్రైనర్‌గా తప్పుకుంటున్నానని ఆఫీసుకి ఉత్తరం రాశాను. దానికి జవాబు ఇంకా రాలేదు. తర్వాతి ఆదివారం కొండెక్కి, తాత ముందు కూర్చుని, మొదటినుంచీ నేర్పమన్నాను. తాత కాఫీ పండ్లు ఏరుకుంటూనే ఉన్నాడు. మామ్మే తేల్చింది.

"అటక నిండా బుర్రలున్నాయి. నాను సేపలు ఎక్కడ ఆరబెట్టుకోవాలి? నువ్వు సేత్తావా, గెడ్డలో పారెయ్యమంటావా?" అని తాతని నిలదీసింది. తాత గొణుక్కుంటూ చూరులోంచి మూకుడు తీశాడు. పక్కూరి మనిషి కిన్నెర ఆ వారంలోనే అయిపోయింది. వాడు వచ్చి పట్టుకుపోయాడు, పరీక్ష మాటెత్తకుండా.

నాకు మామ్మ చేటలోంచి ఆరు ఆనప గింజలిచ్చి, "ముందు ఇవి మొలిపించు," అంది. క్వార్టర్సు డాబా మీద పాకించాను. మొదటి ఏడు ఉడతలు తినేశాయి. రెండో ఏడు రెండు బుర్రలు దక్కాయి. వాటిని మామ్మ తట్టి చూసి, ఒకదాన్ని ఎడమవైపు, కాసేపు ఆలోచించి రెండోదాన్ని కుడివైపు పెట్టింది. నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ అంత సంతోషం కలగలేదు.

మొన్న చైత్రంలో ఇటుకల పండగకి ఆ ఊరు వెళ్ళాను. పండగ రోజుల్లో మగవాళ్ళు అడవికి వేటకి పోతే ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ళని ఆపి, దిగి ఒక ఆట ఆడితే గానీ వదలరు. తాత మోకాళ్ళనొప్పులతో అడవికి పోలేదు. ఆయనా నేనూ రోడ్డుపక్క రాళ్ళ మీద చెరో కిన్నెర పట్టుకుని కూర్చున్నాం. ఆ కుడివైపు బుర్రతో, తాత చెప్పినట్టు చేసిన నాది బాగానే పలుకుతోంది. మధ్యాహ్నం వేళ ఆఫీసరుగారి జీపు వచ్చి ఆగింది. అర్జెంటు మీటింగుందన్నాడాయన. మామ్మ వినలేదు.

"దిగు బాబూ, ఒక్క ఆట ఆడేసి పో. బేగి అయిపోద్ది."

ఆయన దిగాడు. ఒకవైపు మామ్మ, ఇంకోవైపు ఆవిడ కోడలు నడుం చుట్టూ చేతులు వేసి బిగించి, థింసా వరసలో కలిపేసుకున్నారు. అందరూ కుడికాలు వేస్తుంటే ఆయన ఎడమకాలు వేశాడు. తాత కావాలని జోరు పెంచాడు, నేనూ అందుకున్నాను. చెమటలు కారుతూ, బూటు ఒకటి ఊడిపోయి, ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి వదిలిపెట్టారు. జీపు కదలగానే మామ్మ కర్రని మళ్ళీ దారికి అడ్డంగా పెట్టించింది. కింద మలుపులో ఇంకో బండి హారను వినిపిస్తోంది.